ఆందోళన - నిత్యజీవితమున దానిని తగ్గించుకొను మార్గములు

గ్రామ పంచాయతీ సమావేశపు కార్యక్రమ పత్రమునందు మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు మొదలగు విషయములు చేరుచుండును. ఇవన్నియు కంటికి కనబడునవి, కొలిచి చూపదగినవి. కంటికి కనబడని బాధ యొకటి కలదు. అది ఏ కార్యక్రమ పత్రమునందును చేరదు. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తెల్లవారు వరకు లెక్కలు వేసికొను రైతు, పట్టణమున చదువుచున్న కుమారుని నుండి ఫోను రాకున్న గుండె దడదడలాడు తల్లి, బ్యాంకు నుండి వచ్చిన కవరును విప్పక చూరులో దోపిన కౌలుదారు - ఇట్టివారు లేని గ్రామము లేదు. వీరు ఈ బాధను గూర్చి పంచాయతీకి అర్జీ పెట్టుకొనరు. అయినను వ్యవసాయమునకు, సంసారమునకు, ఆరోగ్యమునకు దీనివలన కలుగు నష్టము తక్కువది కాదు.

ఈ బాధకు ఆందోళన యని పేరు. నిత్యజీవితమున దీనిని ఎవరికి వారు తగ్గించుకొను మార్గములను, ఇందు పంచాయతీ సభ్యులు చేయదగిన సహాయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఆందోళన యననేమి?

మనసు బాధలకు తెలుగున పేర్లు కొదువ లేదు. అవన్నియు ఒకటే కావు. పోయినదానిని గూర్చి కలుగునది సాధారణముగా దిగులు. దూరమైనవారిని తలచుకొని పడునది బెంగ. అప్పటికప్పుడు కాలుచేయి ఆడకుండుట కంగారు. రాబోవుదానిని గూర్చి "ఏమవుతుందో, ఏమో" యని లోలోపల పీకుచుండునది గుబులు. వైద్యులు ఆందోళన యని చెప్పునది ఈ గుబులునకు మిక్కిలి దగ్గర. దాని చూపు ఎల్లప్పుడు రేపటి మీదనే యుండును.

ఆందోళన పిరికితనము కాదు, పాపఫలము కాదు, గాలి సోకుట కాదు. అది శరీరమునకు ప్రకృతి యిచ్చిన రక్షణ. పొలము గట్టున నడుచుచుండగా కాలి ముందర పాము కదలినదనుకొనుడు. ఆలోచించుటకు మునుపే కాలు వెనుకకు పడును. మెదడు అపాయమును గుర్తించిన వెంటనే, మూత్రపిండముల పైభాగమున నుండు గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. శ్వాస పెరుగును. కండరములు బిగియును. చెమట పట్టును. కడుపులో జీర్ణక్రియ మందగించును. ఇదియంతయు ఎదిరించుటకో, పరుగెత్తుటకో శరీరము చేసికొను సన్నాహము. వాల్టర్ కానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1915లో దీనిని వర్ణించెను. పాము పోయిన కొంతసేపటికి శరీరము తనంతట తానే శాంతించును.

అయితే పాము పోయినట్లు అప్పు పోదు. వాన రాకడ, పిల్ల పెండ్లి, పరీక్షా ఫలితము, బోరులో నీరు - ఇవి దినముల తరబడి మనసునందే యుండును. ఎదుటనున్న అపాయమునకు చేసిన సన్నాహమునే తలపునందలి అపాయమునకును శరీరము చేయును. పరుగెత్తుటకు చోటు లేదు. ఎదిరించుటకు మనిషి లేడు. సన్నాహము మాత్రము ఆగదు. అందుచేతనే గుండె దడ, కడుపులో తిప్పుట, మెడ పట్టుట, చేతుల వణుకు, నిద్రలేమి, చీటికిమాటికి కోపము కలుగును. ఇట్టివారు పెక్కుమంది తమది గ్యాసనియో, నీరసమనియో తలచి ఇంజెక్షనులకు, సెలైను సీసాలకు డబ్బు వెచ్చించుచుందురు. అసలు బాధ మాత్రము అట్లే మిగిలిపోవును.

కొద్దిపాటి ఆందోళన మేలు చేయును. మబ్బు పట్టగానే గుబులు పుట్టిన రైతు కల్లములోని ధాన్యము మీద పట్టా కప్పును. గుబులు పుట్టనివాడు తడిసిన ధాన్యమును చూచి విచారించును. కావున ఆందోళనను పూర్తిగా తొలగించుట మన ఉద్దేశము కాదు. పనికి పురికొల్పినంతవరకు అది సేవకుడు; పనిని చెడగొట్టునప్పుడు అది యజమాని. దానిని మరల సేవకుని స్థానమునకు దించుటయే మన ఉద్దేశము.

మూలము తెలియనితనమే

దారిప్రక్కన ఇద్దరు బస్సు కొరకు నిలిచిరనుకొందము. బస్సు గంట ఆలస్యమని తెలిసినవాడు చెట్టు నీడన కూర్చుండి చుట్టుప్రక్కల వారితో మాటలాడును. ఎప్పుడు వచ్చునో తెలియనివాడు ఎండలో రోడ్డు మీదనే నిలిచి మెడ చాచి చూచుచుండును. ఇద్దరికిని ఆలస్యము ఒక్కటే. ఒకనికి కలిగి రెండవ వానికి లేనిది సమాచారము మాత్రమే.

ఆందోళనకు కష్టము ఎంత కారణమో, తెలియనితనము అంత కారణము. కొన్ని సమయములందు తెలియనితనమే అధికము. తెలిసిన కీడుకు మనసు ఏదో విధముగా సర్దుకొనును. తెలియని కీడును ఊహ పెంచుచునే యుండును.

సముద్రతీర గ్రామములు ఇందుకు నిదర్శనము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచిన వృద్ధులకు వాయుగుండమను మాట వినగానే గుండె బరువెక్కుట వింత కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటుటకు కొన్ని దినముల ముందే హెచ్చరికలు అందినవి; జనమును పెద్ద సంఖ్యలో సురక్షిత స్థలములకు తరలించుట సాధ్యమైనది. నేడు తుపాను వార్త వచ్చినప్పుడు ఏ బడిలో తలదాచుకొనవలెనో, మంచము పట్టిన ముదుసలిని ఎవరు మోయవలెనో, పాసుపుస్తకము, ఆధార్ కార్డు ఏ ప్లాస్టిక్ సంచిలో పెట్టవలెనో ముందే నిర్ణయించుకొనిన కుటుంబము గాలిని ఆపలేదు. కాని ఆ రాత్రి దిక్కు తోచక తిరుగదు.

ఇందుండి రెండు కర్తవ్యములు తేలుచున్నవి. తెలియనితనమును తనకు వీలైనంత తగ్గించుకొనుట వ్యక్తి చేయవలసిన పని. తాను చెప్పగలిగిన దానిని ప్రజలకు సకాలమున చెప్పుట పంచాయతీ చేయవలసిన పని.

ఎవరికి వారు చేసికొనదగినవి

మొదటిది, చింతను కాగితము మీద పెట్టుట. తలలో తిరుగుచున్నంతకాలము చింతలన్నియు కలిసి ఒకే కొండవలె కనబడును. వానిని ఒక్కొక్కటిగా వ్రాయవలెను. వ్రాయలేనివారు వ్రాయగలవారికి చెప్పవలెను. పిమ్మట కాగితము మధ్య నిలువుగా ఒక గీత గీచి, మన చేతిలో నున్నవానిని ఒక ప్రక్కను, మన చేతిలో లేనివానిని రెండవ ప్రక్కను చేర్చవలెను. వాన ఎప్పుడు పడునో మన చేతిలో లేదు. విత్తనము సిద్ధము చేసికొనుట, తక్కువ కాలపు రకమును గూర్చి వ్యవసాయ శాఖవారిని అడుగుట మన చేతిలో నున్నవి. చేతిలోనున్న వానిలో ఒక్కదానిని, మిక్కిలి చిన్నదానిని, ఆనాడే చేయవలెను. ఒక్క పని పూర్తియైనప్పుడు మనసుకు కలుగు బలము నూరు ధైర్యవచనముల వలన కలుగదు.

రెండవది, చింతకు వేళ నిర్ణయించుట. "ఆలోచింపకుము" అన్న కొలది ఆలోచన పెరుగును. దానికి బదులు సాయంకాలము 20 నిమిషములు చింతలకొరకే కేటాయింపవలెను. మిగిలిన సమయమున చింత తలయెత్తినచో, "నీ సంగతి సాయంకాలము చూచెదను" అని ప్రక్కకు పెట్టవలెను. ఇది మొదట కష్టముగా తోచును. అలవాటు పడిన పిమ్మట సులభమగును. ఈ వేళ పడుకొనుటకు ముందు ఉండరాదు.

మూడవది, శ్వాస. గుండె వేగమును మనము ఆజ్ఞాపించి తగ్గింపలేము. కాని శ్వాసను మన ఇష్టానుసారము నడుపవచ్చును. శ్వాస నెమ్మదించినచో గుండెయు దాని ననుసరించును. నడుము నిలిపి కూర్చుండి, పొట్ట మీద చేయి వేసికొని, నాలుగు లెక్కించునంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. పీల్చినప్పుడు పొట్ట పైకి లేవవలెను. ఇట్లు ఐదు నిమిషములు చేసిన చాలును. గాభరా కలిగినప్పుడే కాక, ప్రతిదినము ప్రశాంత సమయమున సాధన చేసినవారికే ఇది అవసరమునకు అక్కరకు వచ్చును.

నాలుగవది, శరీరమునకు పని. సన్నాహము చేసికొనిన శరీరమునకు కదలిక యిచ్చినచో బిగువు సడలును. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. కూలినాలి చేయువారికి శ్రమ కొదువ లేదు. దుకాణములలోను, కార్యాలయములలోను, ఇండ్లలోను కూర్చుండి పని చేయువారికి సాయంకాలము చెరువు కట్ట మీద అరగంట నడక మేలు. తోడుతో కలిసి నడచినచో మేలు రెండింతలు.

ఐదవది, నిద్రయు, పానీయములును. నిద్ర చెడిన మనసునకు చిన్న సంగతియు పెద్దదై తోచును. టీ, కాఫీలలోని కెఫీన్ గుండె దడను పెంచును. సాయంకాలము 5 గంటలకు త్రాగిన టీలోని కెఫీన్‌లో రమారమి సగము రాత్రి 10 గంటలకును శరీరమునందే యుండును. నిద్ర పట్టనివారు మధ్యాహ్నము దాటిన పిమ్మట వానిని మానవలెను. మద్యము ఒక గంటసేపు చింతను మరపించునట్లు తోచును. అర్ధరాత్రి నిద్రను చెరచి, మరునాటి ఉదయము చింతను పెంచి తిరిగి యిచ్చును. అప్పు వలన కలిగిన చింతకు మద్యము త్రాగువాడు అప్పునకు అప్పు కలుపుకొనుచున్నాడు.

ఆరవది, వదంతులకు దూరముగా నుండుట. నేడు సెల్‌ఫోను ప్రతి యింటను కలదు. అది మంచి వార్తను తెచ్చినంత సులభముగా భయమును తెచ్చును. పడుకొనుటకు గంట ముందు ఫోనును ప్రక్క గదిలో నుంచుట, వాట్సాప్‌లో వచ్చిన భయంకర వార్తను నిజమా కాదా యని తెలిసికొనక ఇతరులకు పంపకుండుట అలవరచుకొనదగిన నియమములు.

ఏడవది, భయపడిన దానిని తప్పించుకొనకుండుట. ఇది అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె కష్టము. తప్పించుకొనిన ప్రతిసారియు ఒక నిమిషము హాయి కలుగును. భయము మాత్రము వడ్డీతో సహా పెరుగును. దీనిని ఒక ఉదాహరణముతో పరిశీలింతము.

విప్పని కవరు

ఒక కౌలు రైతు ఇంటికి బ్యాంకు నుండి కవరు వచ్చినదనుకొందము. ఇల్లు జప్తు చేయుదురేమో యని భయపడి అతడు దానిని విప్పలేదు. బ్యాంకు ఉన్న వీధిన నడుచుట మానెను. సంతకు పోవుట మానెను. భార్య అడిగినచో కసరుకొనెను. నెల గడచినది. రెండవ కవరు వచ్చినది. ఇప్పుడు భయము రెండింతలు.

అతని వార్డు సభ్యుడు ఏమి చేయవలెను? "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనుట సులభము. ఆ మాట వినినవానికి "నా బాధ ఇతనికి అర్థము కాలేదు" అని తోచును. "నీకేం తక్కువ? నీకంటె కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?" అనుట మరింత చెరుపు, చింతకు సిగ్గును తోడు చేయును. దానికి బదులు, అతని అరుగు మీద కూర్చుండి, "ఏంది తమ్ముడూ, వారం రోజులుగా రచ్చబండకు రావడం లేదు. నిద్ర పడుతోందా?" అని అడుగవలెను. అడిగి ఊరకుండవలెను. మౌనమును సలహాతో నింపరాదు. కొంతసేపటికి మాట వచ్చును.

విషయము బయటపడిన పిమ్మట, "మనమిద్దరం కలిసి కవరు విప్పుదాం" అనవలెను. లోపల సాధారణముగా అసలు ఇంత, వడ్డీ ఇంత, గడువు ఫలానా తేదీ అని వ్రాసియుండును. అంకె పెద్దదే కావచ్చును. అయినను అది ఇప్పుడు అంకె, భూతము కాదు. పిమ్మట తోడుగా బ్యాంకునకు పోయి మేనేజరును అడుగవలసినవి మూడు: మొత్తము బాకీ యెంత? గడువు పొడిగింపు కలదా? వాయిదాల పద్ధతిన చెల్లించుటకు వీలున్నదా? ప్రకృతి వైపరీత్యమునకు గురియైనదని ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో పంట ఋణముల గడువును సవరించు ఏర్పాటు బ్యాంకు నియమములలో కలదు. అడిగినవారికే అది తెలియును.

అప్పు ఆ దినముననే తీరదు. కాని ఆ రాత్రి అతడు కొంతసేపైనను నిద్రించును. అతనికి అందినది ధనము కాదు. తోడును, తెలివిడియును మాత్రమే. ఆందోళనకు ఈ రెండును మందులే.

సామాన్యులు చేసిన సహాయము

ఇట్టి సహాయమునకు పెద్ద చదువు అవసరమా యని సందేహము కలుగవచ్చును. ఆఫ్రికా ఖండమునందలి జింబాబ్వే దేశపు అనుభవము దీనికి సమాధానము చెప్పుచున్నది. ఆ దేశమున మానసిక వైద్యులు వ్రేళ్ల మీద లెక్కింపదగినంత మందియే యుండిరి. డిక్సన్ చిబాండా అను వైద్యుడు 2006లో హరారే నగరమునందలి ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలో చెట్ల క్రింద బెంచీలు వేయించెను. బాధ కలవారు వచ్చి బెంచీ మీద అవ్వ ప్రక్కన కూర్చుందురు. అవ్వ వినును, చిక్కులను ఒక్కొక్కటిగా చెప్పించును, అందులో ఒక్కదానిని ఎంచుకొని, దానికి చేయదగిన పనిని వారి నోటనే చెప్పించును. ఆ ప్రాంతపు షోనా భాషలో ఈ బాధ పేరు "కుఫుంగిసిసా"; అతిగా ఆలోచించుట యని దాని అర్థము. హరారేలోని 24 ఆరోగ్య కేంద్రములలో 573 మందిపై జరిపిన పరిశీలన ఫలితములు 2016లో వెలువడినవి. ఆరు నెలల పిమ్మట, అవ్వల సహాయము పొందినవారిలో బాధ ఇతరులకంటె స్పష్టముగా తగ్గియుండెను.

మన దేశమునను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. గోవాలో వైద్యవిద్య లేని స్థానికులకు శిక్షణ యిచ్చి ఆరోగ్య కేంద్రములలో నియమింపగా, ప్రభుత్వ కేంద్రములకు వచ్చిన రోగులలో కోలుకొనినవారి సంఖ్య పెరిగినట్లు 2010లో ప్రకటించిరి. 2010 దశకమున పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ యంత్రముల సహాయముతో ఇంటింట ప్రశ్నలడిగి, మానసిక బాధ కలవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యునివద్దకు పంపిరి. కావున ఇది మన పల్లెలకు సాధ్యము కానిదని ఎవరును అనజాలరు.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ తన అధికార పరిధిలోనే, పెద్ద ఖర్చు లేకుండ చేయదగిన పనులను క్రింద సూచించుచున్నాము.

తెలిసిన తేదీలను తెలియజేయుట: నీటి సరఫరా ఎన్ని గంటలకు, మరమ్మతు ఎన్నటికి పూర్తియగును, రేషను బియ్యము ఏనాడు, పింఛను ఏనాడు అను వివరములను కార్యాలయపు బోర్డు మీద వ్రాయించి, చదువురానివారి కొరకు మైకులో చెప్పింపవలెను. ఆలస్యమైనచో ఆ సంగతియు చెప్పవలెను. "రేపు రండి" అను మాట ఆందోళనను పెంచును; "పదిహేనవ తేదీ వరకు కాదు" అను మాట తగ్గించును.

అర్జీలకు జవాబిచ్చుట: అర్జీ పెట్టినవానికి తిరస్కారముకంటె జవాబు లేకుండుటయే బాధాకరము. ఏ అర్జీ ఎచ్చట నున్నదో చెప్పు పుస్తకమొకటి కార్యాలయమున నుండవలెను.

వాతావరణ సమాచారము: 2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలను కేంద్ర ప్రభుత్వము ప్రారంభించినది. రాబోవు ఐదు దినముల సూచన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలునందును, మేరీ పంచాయత్ యాప్‌నందును లభించును. దీనిని ప్రతి ఉదయము బోర్డు మీద వ్రాయించుట కష్టము కాదు.

కూర్చుండుటకు చోటు: కార్యాలయపు ఆవరణలోనో, వేపచెట్టు క్రిందనో ఒక అరుగు, వారమునకు ఒక సాయంకాలము వినుటకు సిద్ధముగా నుండు ఇద్దరు పెద్దలు - ఇంత చాలును. స్త్రీల బాధలు స్త్రీలకే చెప్పుకొనుట సులభము. మన రాష్ట్రములందు పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి గనుక, మహిళా సభ్యులును, స్వయం సహాయక సంఘముల వారును, ఆశా కార్యకర్తలును ఇందు ముందుండవలెను.

రహస్యమును కాపాడుట: అరుగు మీద వినిన మాట అరుగు మీదనే యుండవలెను. ఒక్కమారు ఆ మాట టీ దుకాణమునకు చేరినచో, రెండవ మనిషి నోరు విప్పడు. ఎన్నికల కక్షలకు, కులభేదములకు ఈ పనియందు తావుండరాదు. ఎదిరిపక్షమునకు ఓటు వేసినవాని యింటికి కూడ సభ్యుడు పోవలెను.

విద్యార్థులను గమనించుట: పరీక్షా ఫలితములు వెలువడు దినములందు ఉపాధ్యాయులును, సభ్యులును తల్లిదండ్రులను ముందుగా కలిసి, మార్కులు తగ్గిన పిల్లలను పదిమందిలో నిందింపవలదనియు, ఒంటరిగా విడువవలదనియు, సప్లిమెంటరీ పరీక్ష కలదనియు చెప్పవలెను.

వైద్యుని సహాయము ఎప్పుడు?

పైన చెప్పిన మార్గములు అందరికిని మేలు చేయును; కాని అన్నిటికిని అవి చాలవు. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ప్రతి 100 మంది వయోజనులలో ఇంచుమించు 10 మంది ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నట్లు తేలినది. వారిలో చికిత్స అందనివారే అధికము.

నెలల తరబడి దాదాపు ప్రతిదినము ఆందోళన వీడకున్నను, నిద్రాహారములు చెడి పని సాగకున్నను, ఉన్నట్లుండి ఊపిరాడక ప్రాణము పోవుచున్నట్లు పలుమార్లు తోచినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. థైరాయిడ్ దోషము, రక్తహీనత, గుండె జబ్బు సైతము ఇట్టి లక్షణములనే చూపవచ్చును గనుక ముందు శరీర పరీక్ష అవసరము. ఛాతిలో నొప్పి వచ్చినప్పుడు ఆందోళనయేయని తలచి ఇంటివద్ద కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆందోళన రుగ్మతకు మంచి చికిత్స కలదు. శిక్షణ పొందినవారు మాటల ద్వారా చేయు చికిత్స ఒకటి. వైద్యుడు వ్రాసి యిచ్చు మందులు రెండవది. అయితే దుకాణమున అడిగి నిద్రమాత్రలు కొనుట అపాయకరము. వానిలో కొన్ని అలవాటుగా మారి, మానినప్పుడు బాధను హెచ్చించును.

టెలీ మానస్ అను ఉచిత ఫోను సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. 14416 నంబరునకు రాత్రింబవళ్లు ఏ సమయముననైనను ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయము, బడి, ఎరువుల దుకాణము, పాల కేంద్రము గోడలమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట ప్రతి పంచాయతీయు ఈ నెలలోనే చేయదగిన పని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స పొందుటను ప్రతి వ్యక్తికిని హక్కుగా చేసినది. ఇది దయ కాదు. హక్కు అని ప్రజలకు తెలుపవలెను.

ఎవరైనను "బ్రతికి ఏం లాభం?" అనినచో, దానిని మాటవరుసకు అనిన మాటగా త్రోసివేయరాదు. చనిపోవలెనను ఆలోచన కలదా యని సూటిగా, మెత్తగా అడుగవలెను. అడిగినంత మాత్రమున ఆ ఆలోచన పుట్టదు. మనసులోని భారము దిగుటకు దారి కలుగును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందులను వెంటనే తీసి వేరొకచోట తాళము వేయింపవలెను. 14416కు ఫోను చేయవలెను. అపాయము దగ్గరగా తోచినచో 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావించి, అతనికి సంరక్షణ కల్పింపవలెనని 2017 చట్టము చెప్పుచున్నది. కావున కేసు భయముతో చికిత్సను ఆలస్యము చేయరాదు.

ముగింపు

వానను తెప్పించుట, ధరలను నిలుపుట, అప్పులన్నియు తీర్చుట పంచాయతీ సభ్యుని చేతిలో లేవు. తన వార్డులో ఎవరు కొన్ని దినములుగా బయటకు వచ్చుట లేదో గమనించుట, వారి గడప త్రొక్కి మాట వినుట, తెలిసిన సంగతిని తెలిసినట్లు చెప్పుట, తెలియని సంగతిని కనుగొని తెలుపుట అతని చేతిలోనే కలవు. ఈ పనులకు నిధుల మంజూరు అవసరము లేదు. తీర్మానము అవసరము లేదు.

ఈ వ్యాసమును చదివిన సభ్యులు ముందుగా తమకు తెలిసిన ఒక్క ఇంటితో ప్రారంభించెదరుగాక యని కోరుచున్నాము. వచ్చే గ్రామసభలో రోడ్ల విషయము, దీపముల విషయము ముగిసిన పిమ్మట ఒక పది నిమిషములు ఈ విషయమునకును కేటాయించి, 14416 నంబరును పదిమందికిని వినిపింపవలెను. చెప్పుకొనుటకు మనిషి యున్నాడని తెలిసిన గ్రామమున కష్టము తగ్గకపోయినను, ఒంటరిగా భయపడువారి సంఖ్య తగ్గును.